ఖాళీ ట్యాంకు బరువు

ఖాళీ ట్యాంకు ఇంత బరువుండకూడదు. పిచ్చుకకి తట్టిన మొదటి ఆలోచన అదే. రెండోది, కదలకూడదు. మూడోది ఆలోచన కాదు, దురద. సరిగ్గా ముక్కు కొస మీద, రెండు చేతులూ ఖాళీ లేనప్పుడు మాత్రమే పుట్టే రకం. బేకరీ వెనక పెరట్లో, పాత పికప్ బండి కింద, పిండి గోతాం పరుచుకుని ఆమె వెల్లకిలా పడుకుని ఉంది. ట్యాంకుని పట్టి ఉంచే రెండు ఇనుప పట్టీల్లో ఒకటి విప్పింది, రెండోదాని బోల్టు ఇలా తిప్పిందో లేదో తుప్పు పట్టిన మెడ పుటుక్కున తెగింది, ఆసరాగా పెట్టిన రొట్టెల ట్రే ఫెళ్ళుమంది, ట్యాంకు దబ్బున దిగి ఒక కొస ట్రే మీదా రెండో కొస ఆమె మోకాళ్ళ మీదా అరచేతుల మీదా కూర్చుంది, పిలవకుండా వచ్చి ఒళ్ళో కూర్చున్న మేనత్తలాగా. లోపల ఏదో గుళుక్కుమంది. ఖాళీ ట్యాంకు గుళుక్కుమనదు. డీజిల్ పోసే గొట్టం ఇంకా ఊడదీయలేదు, అది ఆఖర్న తీద్దామనుకుంది, కాబట్టి ఇప్పుడు ఆమె మోకాళ్ళు జానెడు పక్కకి జరిగితే గొట్టం చిరుగుతుంది, ట్యాంకులో ఉన్నదంతా ఆమె మొహం మీదుగా పారి పిండి గది గడప దాకా వెళ్తుంది. కేకేద్దామంటే లోపల పిండి కలిపే మిషను రోడ్డు రోలరులా రొద చేస్తోంది, అది ఆగేదాకా ఆమె అరుపు ఆమెకే వినపడదు. సరే. ఊపిరి తీసుకో. ట్రే ఇంకా సగం నిలబడే ఉంది, బరువులో పెద్ద వాటా దానిదే. మోకాళ్ళు గట్టివే, నాన్న పోలిక.

ట్యాంకు ఖాళీగా ఉండాలనే కదా ఇన్నాళ్ళూ బంకు వైపు చూడకుండా తిరిగింది! ఊరంతా రొట్టెలు వేసి వచ్చిన ప్రతిసారీ, ఇవాళ ఆగిపోతుంది, ఈ మలుపులో ఆగిపోతుంది, ఆ ఎత్తు ఎక్కలేదు అనుకుంటూ, ఆగితే పోసుకోవడానికి ఒక సీసా పక్కన పెట్టుకుని మరీ నడిపింది. ఆగలేదు. డీజిల్ ఎంతుందో చూపే ముల్లు మాత్రం ఎప్పటిలాగే ఎర్ర గీత మీద పడుకుని ఉంది, జ్వరమొచ్చిన మనిషిలా అప్పుడప్పుడూ సన్నగా వణుకుతూ. నిండా పోసినా ఎర్ర గీతే, పోయకపోయినా ఎర్ర గీతే. మెకానిక్కులు ఒకరి తర్వాత ఒకరు మీటరు మార్చారు, తీగలు మార్చారు, చివరికి దండం పెట్టి వెళ్ళిపోయారు. ఇవాళ పొద్దున ఆమే ట్యాంకు నించి వచ్చే తీగని ఊడదీసి బండి ఇనుముకి ఆనించింది, ముల్లు పాము కాటేసినట్టు ఎగిరి అటు చివరకి పోయింది. అంటే ముల్లు మంచిదే, మీటరు మంచిదే, తీగ మంచిదే. అబద్ధం ట్యాంకు లోపల ఉంది. డీజిల్ మీద తేలుతూ ఎంత ఉందో పైకి చెప్పే చిన్న ఇత్తడి డబ్బా, ఫ్లోటు అంటారు దాన్ని, అదే నేరస్థుడు. పట్టుకోవాలంటే ట్యాంకు దించాలి. దించాలంటే ఖాళీ కావాలి. ఖాళీ అయింది, ఖాయంగా అయింది, లెక్క ప్రకారం ఈ బండి మొన్నటి నుంచీ గాలి పీల్చుకుని నడుస్తోంది. మరి ఇదేమిటి, ఈ గుళుకు?

మధ్యాహ్నం కొట్టు మూసే వేళకి పాత బళ్ళ బేరగాడు వస్తాడు. అక్క పిలిపించింది. "ఆయన వచ్చేలోపు ఆ ముల్లు నిజం చెప్పాలి. చెప్పలేదా, బండి ఆయనకి, కౌంటరు నీకు" అంది, పిండి చేతుల్తోనే వేలు చూపించి. చేతికి పిండి ఉన్నప్పుడు అక్క ఇచ్చిన తీర్పు మీద అప్పీలు లేదు. కౌంటరు! గాజు అలమరా వెనక ఎత్తు స్టూలు మీద కూర్చుని, ఈ బన్ను తాజాదేనా అని అడిగే ప్రతివాడికీ తాజాదేనండీ అని చెప్పడం, గోడ గడియారం కింద, ఫ్యాను కింద, అక్క కళ్ళ కింద. పిచ్చుక అన్న పేరు నాన్న ఊరికే పెట్టలేదు, అన్నం కంచం ముందు కూడా రెండు నిమిషాలు కుదురుగా ఉండేది కాదట. ఆమెకి కావలసింది తెల్లవారుజామున వేడి రొట్టెల వాసన వీపుకి తగులుతూ ఉండగా ఖాళీ రోడ్డు మీద వేసే మొదటి గేరు. హాస్టలు గేటు తీసే ముసలి వాచ్‌మన్ బండి చప్పుడు విని లేచి కూర్చోవడం. టీ కొట్టువాడు ఆమె మొహం చూడకుండానే చెయ్యి చాచడం, ఆ చేతిలో ఆమె బన్నుల కట్ట పెట్టడం. ఆ వంతెన మీద గాలి. అదంతా ఈ మోకాళ్ళ మీద ఉంది ఇప్పుడు, అక్షరాలా.

అయితే అసలు ప్రశ్నకి రా. ఎవరు పోశారు? బండి తాళంచెవి ఎప్పుడూ బండికే ఉంటుంది, పెరటి గేటుకి మాత్రం తాళం. బయటివాళ్ళు కాదు. బయటివాడు డీజిల్ తీసుకుపోతాడు గానీ తెచ్చి పోస్తాడా, దొంగల చరిత్రలో ఎక్కడైనా ఉందా! బంకు కుర్రాడు గుర్తొచ్చాడు, పోయినసారి గన్ను పెట్టి ఇలా నొక్కాడో లేదో అది టక్కున ఆగిపోయింది, "ఏంటక్కా, రెండు గుక్కలకే కడుపు నిండింది మీవాడికి" అన్నాడు. ఆమె ఎంత పొంగిపోయింది! ముసలాయన అల్పాహారి, అని అందరికీ చెప్పుకుంది, ఈ కాలపు బళ్ళు చూడండి తాగుబోతులు, మావాడు వాసన చూసి నడుస్తాడు. హాస్టలు వాచ్‌మన్‌కి చెప్పింది. టీ కొట్టులో చెప్పింది. ఒకసారి ఆగి ఉన్న లారీ డ్రైవర్లకి చెప్పింది, వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, ఆ చూపు అర్థం ఇప్పుడు తెలుస్తోంది. అదే రోజుల్లో ఇంట్లో ఇంకో గొడవ. ఓవెను డీజిల్ తెగ తాగుతోందని అక్క, అవునవును తాగుతోందని బావ. ఓవెను మంటకోసం షెడ్డులో పెట్టిన డ్రమ్ము నిండా పోయించిన కొద్దీ దిగిపోతోంది. ఓవెను మెకానిక్కుని పిలిచారు, విప్పాడు, చూశాడు, బిగించాడు, దీనికే రోగమూ లేదన్నాడు. నీకు పని రాదు అని అక్క అతణ్ణి పంపేసి ఇంకొకణ్ణి పిలిచింది. వాడూ అదే మాట. ఆ తర్వాత అక్కకి దొంగ మీద అనుమానం వచ్చి షెడ్డుకి తాళం వేసింది, ఒక చెవి తన కొంగుకి, ఇంకొకటి బావ జేబులో. అయినా డ్రమ్ము దిగుతూనే ఉంది. ఓవెను తాగడం, బండి తాగకపోవడం. ఈ రెండు వింతలూ ఒకే పెరట్లో పక్కపక్కనే ఉన్నా పిచ్చుకకి ఎప్పుడూ కలిపి చూడబుద్ధి కాలేదు, ఇప్పుడు వెల్లకిలా పడుకుంటే కలుస్తున్నాయి. మనిషికి నిలబడి ఉన్నప్పుడు రాని తెలివి పడుకుంటే వస్తుందేమో. ముక్కు. అబ్బా, ముక్కు! భుజానికి రాసుకుందామంటే మెడ అందడం లేదు.

చెప్పులు. బండికీ నేలకీ మధ్య ఉన్న సందులోంచి, ఎండలో, పిండి దుమ్ము పట్టిన పెద్ద తోలు చెప్పులు, ఎడమదాని వారు తెగితే కరెంటు తీగతో కట్టుకున్నవి. బావ. దేవుడు పంపినట్టు వచ్చాడు. పిచ్చుక నోరు తెరిచింది, బావా అని ఆ 'బా' పెదాల మీదికి వచ్చేసింది, అప్పుడు చెప్పుల పక్కన ఒక డబ్బా దిగింది. ఓవెనుకి డీజిల్ మోసే నీలం డబ్బా. 'బా' అక్కడే ఆగిపోయింది. తలుపు తీసిన కిర్రు, తాళంచెవి తిప్పిన చప్పుడు. ఏం చూస్తాడు, బ్యాటరీ తీగ తీసేసింది కదా జాగ్రత్త కోసం, ముల్లు ఇవాళ వణకను కూడా వణకదు, చచ్చి పడి ఉంటుంది. తలుపు గబుక్కున పడింది. చెప్పులు కంగారుగా వెనక్కొచ్చాయి. మూత తిరిగింది. ఇంక ఆమె తలకి రెండు జానల దూరంలో, గొట్టంలోంచి, వాన నీళ్ళు తూములో దిగినట్టు, గుడగుడగుడగుడ. ఒక్కొక్క గుక్కా మోకాళ్ళకి తెలుస్తోంది. బావ! నోరు తెరిస్తే వెటకారం తప్ప రాని బావ! "మరదలా, నీ బండి ఆగిపోతే చెప్పు, తోసుకురావడానికి నేను రాను, నలుగురు మనుషుల్ని మాట్లాడి పంపిస్తా" అని రోజూ పొద్దున్నే చెయ్యూపే బావ, ఆ చెయ్యి డీజిల్ కడుక్కుని వచ్చినదన్నమాట! ఆమెకి నవ్వు కడుపులో పుట్టింది, కడుపు కదిలితే మోకాళ్ళు కదులుతాయి, మోకాళ్ళు కదిలితే గొట్టం, అందుకని నవ్వుని పళ్ళ మధ్య బిగబట్టింది, కళ్ళవెంట నీళ్ళు చెవుల్లోకి కారాయి. చెప్పులు వెళ్ళిపోయాయి. పిలవాల్సింది. పిలవాల్సిందే పిచ్చిదానా, ఇప్పుడు చూడు, ఇంకా బరువెక్కింది.

ఎవరికీ తెలీదు ఆమె ఇక్కడుందని. ఫ్లోటు దొరుకుతుందేమో చూసొస్తానని వీధి గుమ్మంలోంచి వెళ్ళి వెనక గేటులోంచి వచ్చి దూరింది, ట్యాంకు దించుతానంటే అక్క దించనిచ్చేదా! గోడకీ బండికీ మధ్య ఇరుకులో విడిచిన చెప్పులు, కావాలని అక్కడ విడిచింది, తెలివి, మహా తెలివి. చిన్నప్పుడు దాగుడుమూతల్లోనూ ఇంతే, అంత బాగా దాక్కునేది, వెతికేవాళ్ళు విసిగి భోజనాలకి వెళ్ళిపోయేవాళ్ళు, నాన్న ఒక్కడే వెతికేవాడు. ఇదే బండి కింద దొరికింది ఒకసారి. అప్పుడు దీని రంగు ఎర్రగా ఉండేది. నాన్న వంగి, "పిచ్చుకా, అక్కడున్నావు గనక ఒక పని చెయ్యి, ట్యాంకు మీద కొట్టు" అన్నాడు. చిన్న పిడికిలితో కొట్టింది. ఠంగ్. "ఖాళీ. చూశావా, ముల్లు ఎవడిక్కావాలి, ట్యాంకే మాట్లాడుతుంది. ఠంగ్ అంటే ఖాళీ, దబ్ అంటే నిండు." ముల్లు పాడవక ముందు నించీ నాన్న ముల్లు చూడలేదు, జీవితమంతా ట్యాంకు తట్టే నడిపాడు. తర్వాత తర్వాత చెవులు మందగించాయి. చెవుల్లోంచి ముందు పోయేది సన్నని శబ్దాలట, గాజు చప్పుడు, గంట, ఠంగ్. మిగిలింది దబ్. అప్పటినించీ నాన్నకి ట్యాంకు ఎప్పుడు తట్టినా నిండుగానే ఉంది.

ఒకసారి వంతెన మీద బండి ఆగిపోయింది అలాగే. "నిండుగా ఉందమ్మా, నేను తట్టి చూశాగా" అన్నాడు, అక్కా చెల్లెలూ బయల్దేరారు, వెనక రొట్టెలు, ముందు అక్క ఒళ్ళో మూడంతస్తుల కేకు, ఎవరిదో పుట్టినరోజు. వంతెన నడిమధ్యలో ముసలాయన, అదే బండి, రెండుసార్లు దగ్గి నిద్రపోయాడు. మండుటెండ. పిచ్చుక సీసా పట్టుకుని పరిగెత్తింది, తిరిగొచ్చేసరికి అక్క కదలకుండా అలాగే కూర్చుని ఉంది, కేకు పై అంతస్తు కింది అంతస్తు మీదికి వాలింది, క్రీము అక్క మోచేతుల దాకా కారింది, ఎవరో సైకిలాయన గొడుగు పట్టుకుని నిలబడ్డాడు కేకు మీద, అక్క మీద కాదు. ఇంక అది ఇవ్వడానికి పనికిరాదని తేలాక అక్క కాసేపు ఏడ్చి, తర్వాత రొట్టె కోసే కత్తి అడిగింది. వంతెన మీద ఆగిన ప్రతివాడికీ ఒక ముక్క. బస్సాగింది. డ్రైవరుకి ముక్క. గొడుగాయనకి గులాబీ పువ్వున్న ముక్క. పిచ్చుకకి ఆ రోజు పండగలా గుర్తుంది. అక్కకి అలా గుర్తు లేదు, అక్క ఆ రోజు నించీ బండెక్కలేదు, ముల్లు అన్న మాట వింటే చాలు మోచేతులు తుడుచుకుంటుంది.

కర్ర. టక్, టక్, మధ్యలో చెప్పుల ఈడ్పు. నాన్న! "నాన్నా!" అరిచింది ఈసారి, మొహమాటం లేకుండా, గొంతు చిరిగేలా, "నాన్నా, కింద! నేను!" మిషను రొద ఒకటి, నాన్న చెవులు ఒకటి, రెండు గోడలు దాటాలి ఆ కేక. దాటలేదు. కర్ర కొస సందులోంచి లోపలికొచ్చి, అలవాటుగా తడుముకుని, ట్యాంకుని పొడిచింది. దబ్. కర్ర పట్టుకుని లాగుదామంటే చెయ్యేది! "నిండుగా ఉంది" అన్నాడు నాన్న, చెవులు మందగించినవాళ్ళు మాట్లాడినట్టు గట్టిగా, పెరడంతా వినేలా, ఎవరూ అడగకుండా, ఎవరూ నమ్మకుండా, రోజూ చెప్పినట్టే. టక్, టక్, వెళ్ళిపోయాడు. పిచ్చుక నోరు తెరుచుకునే ఉండిపోయింది. నిండుగా ఉంది నాన్నా. నిజంగానే ఉంది. రోజూ నువ్వు చెబుతూనే ఉన్నావు, రోజూ ఉంది. నీ చెవులు పోయాయని అందరూ అనుకుని, అందుకని అందరూ పోసి, అందుకని నువ్వు చెప్పింది నిజమై, ఓరి దేవుడా, ఈ ఇంట్లో నిజం చెప్పింది ఒక్క చెవిటి మనిషే. అందరూ అంటున్నానేం? బావ ఒక్కడే కదా. బావ ఒక్కడి డబ్బాకి డ్రమ్ము అంతలా దిగుతుందా?

మిషను ఆగింది. ఆ నిశ్శబ్దం ఎంత తియ్యగా ఉందో, కాకి అరుపు కూడా పాటలా వినిపించింది. ఇప్పుడు అరవాలి. అరవడానికి ఊపిరి నిండా పీల్చింది, అప్పుడు వచ్చాయి, పచ్చ రబ్బరు చెప్పులు, మడమల మీద పిండి, గబగబా, దొంగ నడక, రెండడుగులేసి ఆగి, వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ రెండడుగులు. పక్కన దిగిన డబ్బా ఎర్రది. పిచ్చుక పీల్చిన ఊపిరి పీల్చినట్టే ఉండిపోయింది. అక్కా! నువ్వా! అమ్మేస్తానన్నదానివి, బేరగాణ్ణి పిలిచినదానివి, తాళం వేసినదానివి! తలుపు కిర్రు, తాళంచెవి, ఒక చిన్న "అయ్యో." మూత తిరిగింది. గుడగుడగుడ. మోకాళ్ళు వణకడం మొదలెట్టాయి, ఎంత బిగబట్టినా. పోయ్, పోయవే తల్లీ, నీ చెల్లెలి మోకాళ్ళ మీదే పోయ్.

"నువ్విక్కడేం చేస్తున్నావు?"

బావ గొంతు. గుడగుడ ఆగింది. కరెంటు తీగ చెప్పులు, పచ్చ చెప్పులు, ఎదురెదురుగా. నీలం డబ్బా, ఎర్ర డబ్బా.

"నేనా? నేనేం చెయ్యట్లేదు. మీరేం చేస్తున్నారు?"

"నేనూ ఏం చెయ్యట్లేదు."

"ఆ చేతిలో ఏంటి?"

"నీ చేతిలో ఏంటో ముందు అది చెప్పు."

"అయితే ఇన్నాళ్ళూ డ్రమ్ములో డీజిల్ దొంగ మీరేనన్నమాట! పాపం ఆ ఓవెను మెకానిక్కుని నానా మాటలూ అన్నాను. పని రాదన్నాను!"

"అన్నదానివి నువ్వు. తాళం వేసుకుని మరీ దొంగతనం చేసే మనిషిని నిన్నే చూడ్డం."

"మీకేంటండీ అంత ప్రేమ, ఆ బండంటే?"

"బండి మీద కాదే తల్లీ, నా ప్రాణం మీద. బండి పోతే మీ చెల్లి కౌంటర్లో కూర్చుంటుంది. మీ అక్కాచెల్లెళ్ళిద్దరూ పొద్దుణ్ణించి రాత్రి దాకా ఒకే గదిలో ఉంటే నేనెక్కడుండాలి? ఓవెన్లోనా? మరి నువ్వో? అమ్మేస్తానని ఊరంతా చాటావుగా?"

పచ్చ చెప్పుల్లో ఒకటి రెండోదాని మీద రాసుకుంది. "అమ్మేదాకా నడవాలి కదండీ" అంది అక్క, గొంతు తగ్గించి. "పిల్ల ఒక్కతే ఆ వంతెన మీద... ఆగిపోతే? ముల్లు చూస్తే గుండె జారిపోతుంది నాకు. రోజూ అది చూసి నేను చావలేకే అమ్మేద్దామన్నాను. ఇవాళ చూడండి, వణకను కూడా వణకట్లేదు. పూర్తిగా అయిపోయింది. ఇంకాస్త పోద్దాం."

"పోయ్. ఇందాక నేనూ పోశాను, అయినా లేవలేదు. నాదీ కలుపు."

కలిపారు. రెండు డబ్బాలూ. ట్యాంకు మెడ దాకా వచ్చి, ఇంక నా వల్ల కాదని, మూతి దగ్గర పొర్లింది, గొట్టం వెంట ఒక సన్నని ధార దిగి, మెలిక దగ్గర ఆగి, బొట్టయి, ఎక్కడ పడాలో ఎవరో గురి చూసి చెప్పినట్టు పిచ్చుక ముక్కు కొస మీద పడింది. ఆమె తుమ్మింది. అలాంటిలాంటి తుమ్ము కాదు, ఇంతసేపటి నవ్వూ దురదా ఊపిరీ అన్నీ కలిసిన తుమ్ము, ట్యాంకు ఎగిరి పడింది, బండి మొత్తం ఊగింది, గొట్టం ఎలా తట్టుకుందో తట్టుకుంది.

"బండి తుమ్మింది!" అన్నాడు బావ.

ఇంక ఆగలేదు. పిచ్చుక నవ్వింది, కన్నీళ్ళు కారేలా, మోకాళ్ళు కొట్టుకునేలా, "అక్కా, చాలు, పొయ్యకు, కడుపు నిండింది" అని నవ్వులో నవ్వు, పైన అక్క కెవ్వున కేకేసి బావని పట్టుకుంది, తర్వాత రెండు తలలు తలకిందులుగా సందులోకి వచ్చాయి. "ఒసే పిచ్చుకా! నువ్వు... అక్కడ... ఎప్పట్నించే?" "నీలం డబ్బా నించి" అంది పిచ్చుక. బావ తల వెంటనే మాయమైంది. అదే సమయానికి గేటు దగ్గర పాత బళ్ళ బేరగాడు దగ్గి, లోపలికి రావచ్చా అన్నాడు, జవాబు బదులు "జాకీ ఉందా మీ బండిలో?" అని ముగ్గురు ఒకేసారి అరవడంతో కొనడానికొచ్చిన మనిషి పరిగెత్తుకెళ్ళి జాకీ తెచ్చాడు, చొక్కా చేతులు మడుచుకుని బండి కింద దూరాడు. గొట్టం లాగి, నిండు ట్యాంకుని పసిపిల్లని ఉయ్యాల్లోంచి తీసినట్టు దించారు. పిచ్చుక బయటికి పాక్కుంటూ వచ్చి, లేచి నిలబడక ముందే, రెండు చేతుల్తో ముక్కు గోక్కుంది. ఇంత సుఖం ఆమె ఎరగదు.

ట్యాంకు నెత్తిన ఉన్న గుండ్రటి మూత విప్పి, సన్నని కమ్మీ చివర వేలాడే ఫ్లోటుని పైకి తీసి చెవి దగ్గర ఊపింది. గుళుకు. డీజిల్ మీద తేలాల్సిన డబ్బా తనే తాగి మునిగి కూర్చుంది, ట్యాంకెంత నిండినా అడుగునే పడుకుని ఖాళీ, ఖాళీ అని పైకి కబురు పంపింది. చిల్లు కంటికి కనపడలేదు. అక్క లోపలికెళ్ళి గిన్నెడు సలసల కాగే నీళ్ళు తెచ్చి, రొట్టెలు పట్టే పటకారుతో ఫ్లోటుని ముంచింది. మళ్ళీ వచ్చిన నాన్నతో కలిపి నలుగురూ, ఐదో మనిషి బేరగాడూ గిన్నె చుట్టూ వంగారు. ఇత్తడి అతుకు దగ్గర నించి ఒక బుడగ, చీమ తలంత, తర్వాత ఇంకొకటి, వరసగా. "అదిగో!" అంది అక్క, ఎన్నాళ్ళ దొంగనో పట్టుకున్నట్టు. ఆ చిల్లుని ఇంకాస్త పెద్దది చేసి తాగిందంతా కక్కించి, ఆరబెట్టి, బావ రేడియోలు బాగుచేసుకునే టంకం కడ్డీతో పిచ్చుక మాటు వేసింది. మళ్ళీ వేడి నీళ్ళలో ముంచారు. బుడగ లేదు. తేలింది, బాతుపిల్లలా.

అన్నీ ఎక్కడివక్కడ బిగించి, కొత్త బోల్టుతో పట్టీలు వేసి, బ్యాటరీ తీగ కలిపేసరికి కొట్టు మూసే వేళ ఎప్పుడో దాటిపోయింది. గడువు దాటినట్టు అక్కకి తెలుసు, పిచ్చుకకి తెలుసు, ఆ మాట ఎవరూ ఎత్తలేదు. తాళంచెవి తిప్పింది. ముల్లు కదలలేదు. ఒక క్షణం, అంతే. తర్వాత నిద్రలో ఒత్తిగిలినట్టు కదిలి, ఎర్ర గీత దాటి, పావు, సగం, తొందర లేకుండా, పెళ్ళికూతురు మెట్లెక్కినట్టు ఎక్కి ఎక్కి ఆ చివర ఆనుకుని నిలబడింది. బావ ఈలేశాడు.

"నిండుగా చూపిస్తోంది, సరే" అంది అక్క, చేతులు కట్టుకుని. "అదీ అబద్ధమైతే?"

నాన్న కర్ర టక్ టక్ మంటూ ముందుకొచ్చింది. ఎవరేమన్నారో వినలేదు ఆయన. వంగి ట్యాంకుని తట్టి, తల పంకించి, "నిండుగా ఉంది" అన్నాడు. ముల్లూ నాన్నా ఒకే మాట మీద నిలబడటం ఆ ఇంట్లో అదే మొదలు. అక్క ముల్లుని చూసింది, నాన్నని చూసింది, కళ్ళొత్తుకుంది. బేరగాడు గొంతు సవరించుకున్నాడు. "చూడమ్మా, ముల్లు పనిచేస్తే బేరం వేరే లెక్క, నేను ఇంకాస్త పెంచి..."

"ఏది పెంచుతారండీ?" అంది అక్క. "మా నాన్న చెవులూ మా చెల్లి బండీ రెండూ అమ్మకానికి లేవు. వేడి బన్నులున్నాయి, తిని వెళ్ళండి."

ఆ సాయంత్రం రొట్టెల బండి బయల్దేరుతుంటే పక్క తలుపు తెరుచుకుంది. వంతెన రోజు తర్వాత ఎప్పుడూ ఎక్కని అక్క, ఎక్కి కూర్చుంది, రోడ్డు చూడకుండా ముల్లునే చూస్తూ. హాస్టలు, టీ కొట్టు, ఆ ఎత్తు, ఆ మలుపు. వంతెన మీద గాలి తగిలేసరికి ముల్లు ఒక్క వెంట్రుకవాసి దిగింది. ఇన్నేళ్ళలో ఆ ముల్లు దిగడం పిచ్చుక చూడలేదు.

"పిచ్చుకా! తగ్గుతోందే!"

"తగ్గాలక్కా. నడిచే బండికి తగ్గాలి. అదే అందం."

"బంకు దగ్గర ఆపు."

"మెడ దాకా ఉందక్కా!"

గతుకు వచ్చింది, అక్క కాళ్ళ దగ్గర ఏదో ఖణేల్‌మని మోగి గుళుక్కుమంది. పిచ్చుక కిందికి చూసింది. ఎర్ర డబ్బా. అక్క గబుక్కున పమిట దాని మీదికి లాగి, కిటికీలోంచి నది వైపు, చాలా ముఖ్యమైనదేదో కనిపించినట్టు, తల తిప్పుకుంది. వంతెన దాటగానే పిచ్చుక ఇంటి వైపు తిరగాల్సిన మలుపుని వదిలేసి, ముల్లు దిగడం ఇద్దరూ ఇంకాసేపు చూడొచ్చని, పొడుగు దారి పట్టింది.